టీకాలు మన ఊళ్లో తయారు... చేసే చేతులు ఎక్కడివి?

2020 డిసెంబరు 9వ తేదీన అరవైకి పైగా దేశాల రాయబారులు బస్సుల్లో శామీర్‌పేట దాటి జీనోమ్ వ్యాలీకి వచ్చారు. కరోనా టీకా పని ఎంతవరకు వచ్చిందో కళ్లారా చూసిపోదామని వచ్చిన పెద్దలు వారు. అంతకు పదకొండు రోజుల ముందే, నవంబరు 28న, ప్రధానమంత్రి స్వయంగా వచ్చి వెళ్లారు. రాయబారుల బస్సులు పోతుంటే రోడ్డు పక్కన నిలబడి చూసినవారిలో నేనూ ఒకణ్ణి. నా పక్కన ఒక పెద్దాయన నిలబడ్డాడు. ఆ చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి. "ఇంత పెద్దపెద్దోళ్లు వస్తున్నరు గదా బిడ్డా, లోపల మనోడు ఒక్కడన్న ఉన్నడా?" అని అడిగాడు. ఉన్నారన్నాను. ఎవరెవరో చెప్పమన్నాడు. లెక్కపెట్టి చెప్పాను. గేటు దగ్గర సెక్యూరిటీలో ఇద్దరు, తోటపనిలో నలుగురు, క్యాంటీనులో గిన్నెలు కడిగేవారు, బస్సు డ్రైవరు ఒకరు. ఆయన ఏమీ అనలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

న్యాయంగా చెప్పాలంటే నా లెక్క పూర్తి లెక్క కాదు. మన ఊళ్ల పిల్లలు అసలు లోపల లేరని కాదు. పది పన్నెండేళ్ల కిందట కూలిగా చేరి ఇవాళ షిఫ్టు సూపర్‌వైజరు అయినవాడు మా వాడలోనే ఉన్నాడు. కాని అటువంటివారిని వేళ్ల మీద లెక్కించవచ్చు. మిగతా పనివారు వేరే జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చి శామీర్‌పేటలో, అల్వాల్‌లో గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నారు. వారి మీద కోపం లేదు, ఎక్కడ పని దొరికితే అక్కడికి మనిషి పోతాడు. వారికి వచ్చి మనకు రానిదేమిటన్నదే ప్రశ్న.

ఈ పరిశ్రమ నిన్న మొన్న వచ్చినది కాదు. బయలాజికల్ ఇ సంస్థ 1953 నాటిది. మేడ్చల్ దగ్గర శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో కామెర్ల జబ్బుల్లో ప్రమాదకరమైన హెపటైటిస్-బికి మన దేశంలోనే టీకా తయారుచేసి విడుదల చేశారు. అంతకుముందు ఆ టీకా విదేశాల నుంచి రావలసిందే, సామాన్యుడు కొనలేని ధర. 1996లో భారత్ బయోటెక్ పుట్టింది. 1999లో ప్రభుత్వం ఈ ప్రాంతానికి జీనోమ్ వ్యాలీ అని పేరుపెట్టి సంస్థలను పిలిచింది. తుర్కపల్లితో మొదలై లాల్‌గడి మలక్‌పేట, కొల్తూరు, అటు సిద్ధిపేట జిల్లాలోకి వచ్చే కర్కపట్ల దాకా పాకింది. ప్రపంచంలో వాడే టీకాల్లో మూడో వంతు హైదరాబాదు చుట్టుపక్కల తయారవుతున్నాయని ప్రభుత్వంవారు సభల్లో చెబుతూ ఉంటారు. 2024 ఫిబ్రవరిలో మరో 300 ఎకరాల్లో రెండో దశ విస్తరణ అని ప్రకటించారు. భూమి ఎంతో, పెట్టుబడి ఎంతో ప్రతి ప్రకటనలో ఉంటుంది. ఉద్యోగాలు ఎన్నో కూడా ఉంటుంది. ఆ ఉద్యోగాలకు కావలసిన మనుషులను ఎవరు, ఎక్కడ, ఎన్ని నెలల్లో తయారుచేస్తారన్నది మాత్రం ఉండదు.

లోపల చేసే పని ఏమిటి?

మన ఊళ్లలో చాలామందికి లోపల జరిగేది తెలియదు. పెద్ద చదువులు చదివిన శాస్త్రవేత్తలు భూతద్దాల్లోంచి చూస్తూ ఉంటారనుకుంటారు. పరిశోధన వేరు, తయారీ వేరు. మందు కనిపెట్టేది శాస్త్రవేత్త. కనిపెట్టినదాన్ని రోజూ ఒకే తీరుగా, ఒక్క తేడా లేకుండా లక్షల సీసాల్లోకి నింపేది పనివాడు.

పాలల్లో తోడు వేస్తే పెరుగు అవుతుంది. కల్లు కుండలో కంటికి కనబడని ఈస్టు అనే జీవి చక్కెరను తిని పొంగిస్తుంది. శాంతావారి హెపటైటిస్ టీకా, తరువాత బయలాజికల్ ఇ వారి కోర్బెవాక్స్ కరోనా టీకా, రెండూ ఈస్టు జాతి జీవుల చేత చేయించుకున్నవే. ఆ జీవికి కావలసిన లక్షణాన్ని ముందే అమర్చి, పెద్ద ఉక్కు పాత్రలో మేత పెట్టి, వేడి, గాలి, పులుపు అన్నీ కొలతలో ఉంచి పెంచుతారు. అది తయారుచేసిన పదార్థాన్ని వేరుచేసి, వడపోసి, శుద్ధిచేసి సీసాల్లో నింపుతారు. తోడు పెట్టే అమ్మకు చలికాలం పాలు ఎంత వెచ్చగా ఉండాలో చెయ్యే చెబుతుంది. అక్కడ చేతికి బదులు మీటరు ఉంటుంది. తేడా అంతే అనను గాని, మన బుర్రకు అందని బ్రహ్మవిద్య మాత్రం కాదు.

కష్టమంతా శుభ్రత దగ్గర వస్తుంది. మనం శుభ్రం అనుకునేది వారికి శుభ్రం కాదు. సీసా నింపే గదిలోకి వచ్చే గాలిని కూడా జల్లెడ పడతారు. పాత్రలను 121 డిగ్రీల ఆవిరిలో కనీసం పదిహేను నిమిషాలు ఉంచుతారు. మనిషి ఒంటి నుంచి, జుట్టు నుంచి ప్రతి క్షణం సూక్ష్మమైన దుమ్ము రాలుతూనే ఉంటుందట. అందుకే తల నుంచి కాలి దాకా ముసుగు. గాజులు, గోళ్లరంగు, పౌడరు, బొట్టు ఏవీ కూడదు. మా ఊళ్లో ఒక తల్లి తన బిడ్డను "ముత్తయిదువను బొట్టు తీసి పొమ్మనే కొలువు మనకెందుకు" అని రెండో రోజే మాన్పించింది. ఎందుకు తీయాలో ముందే ఎవరైనా ఆ ఇంటికి వచ్చి చెప్పి ఉంటే ఆ పిల్ల ఇవాళ అక్కడే ఉండేది. గదిలో గబగబా నడవకూడదు, చేతులు ఊపుతూ మాట్లాడకూడదు. నడక కూడా నేర్చుకోవలసిన పని!

పనివారికి పెట్టే పరీక్ష ఒకటి ఉంది. మందుకు బదులు సూక్ష్మజీవులకు ఇష్టమైన మేతను సీసాల్లో నింపిస్తారు. వాటిని పధ్నాలుగు రోజులు వెచ్చగా ఉంచి చూస్తారు. ఒక్క సీసా మబ్బుపట్టినా ఎక్కడో తప్పు జరిగిందన్నమాట. ఎక్కడ జరిగిందో తేలేదాకా ఆ లైను ముందుకు పోదు. సీసాలు నింపాక నలుపు తెర ముందొకసారి, తెలుపు తెర ముందొకసారి పెట్టి, అందులో నలుసు ఉందేమో చూసేవారు ఉంటారు. బియ్యంలో రాయి ఏరే ఆడవారి కన్ను మన పల్లెల్లో ఇంటింటా ఉంది. ఆ కంటికి గంటకు ఇంత అని జీతం ఇచ్చే పని మూడు కిలోమీటర్ల దూరంలో ఉందని ఆ ఇంటికి తెలియదు.

నా సొంత గోడు

ఇక్కడ నా సంగతి కొంత చెప్పక తప్పదు. ఇంటర్ బైపీసీ పాసయ్యాక ఆ పైన చదివే స్తోమత లేక, ఒక కాంట్రాక్టరు ద్వారా ఒక కంపెనీ ప్యాకింగు హాలులో చేరాను. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. మొదటిరోజు టోపీ, ముసుగు ఇచ్చి వీడియో ఒకటి చూపించారు. అది ఇంగ్లీషులో ఉంది. అర్థమైందా అని అడిగారు, అయింది సార్ అన్నాం. కొత్తగా చేరినవాడు ఇంకేమంటాడు?

నలభై రోజులు సజావుగా గడిచాయి. ఒకనాడు రాత్రి షిఫ్టులో రిజిస్టరులో పెట్టెల సంఖ్య వేయాలి. 46 రాయవలసిన చోట 64 రాశాను. వెంటనే చూసుకుని, బడిలో చేసినట్టే, ఆ అంకెల మీదే దిద్ది 46 చేశాను. తెల్లవారి తనిఖీలో అది పట్టుబడింది. ఆ సరుకంతా పక్కన నిలిపారు, పెద్దవారు వచ్చారు, కాగితాలన్నీ మళ్లీ చూశారు. సాయంత్రానికి కాంట్రాక్టరు నన్ను గేటు బయటికి పిలిచి లెక్క చూసి పంపేశాడు. అంకె తప్పు రాసినందుకు కాదట. తప్పును దిద్దినందుకట!

అక్కడి ధర్మం వేరు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి, కింద ఉన్న పాత అంకె కనబడాలి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. ఎందుకు మార్చామో కూడా రాయాలి. రేపు ఎక్కడో ఒక పసిబిడ్డకు టీకా వికటిస్తే ఆ సీసా ఏ రోజు, ఏ గంటలో, ఎవరి చేతిమీదుగా పోయిందో వెనక్కి పోయి చూసుకోవాలంటే ఆ కాగితమే ఆధారం. దిద్దిన కాగితం దొంగ కాగితంతో సమానం. ఇప్పుడు ఆలోచిస్తే వారు చెప్పినది నూటికి నూరుపాళ్లు న్యాయమే. కాని పన్నెండేళ్లు బడిలో రబ్బరుతో చెరిపి అందంగా దిద్దితే మార్కులు వేసిన పిల్లవాడికి, నీ చేతిరాత మీద ఒక ప్రాణం ఆధారపడి ఉందని చెప్పడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట ఎవరూ ఇవ్వలేదు. పత్రికకు వార్తలు రాసేటప్పుడు ఇప్పటికీ తప్పు పడితే ఒక్క గీతే కొడతాను, అలవాటయిపోయింది.

నాతోపాటు చేరినవారు పదకొండుగురు. ఏడాది తిరిగేసరికి ఇద్దరు మిగిలారు. మిగిలినవారు కొందరు మానుకున్నారు, కొందరిని మాన్పించారు. పల్లెటూరి పిల్లలకు క్రమశిక్షణ లేదని కంపెనీవారు అంటారు. మనుషుల్లా చూడరని మనవారు అంటారు. నేర్పడమన్నది మధ్యలో జరగనేలేదని ఎవరూ అనరు.

చదువులో ఉన్న లోటు

మన ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో బైపీసీ పిల్లలు సూక్ష్మజీవుల గురించి పేజీలకు పేజీలు అప్పజెబుతారు. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ఒకటి ఉంటే అది బీరువాలో ఉంటుంది, బీరువా తాళంచెవి బదిలీ అయిపోయిన లెక్చరరు దగ్గర ఉంటుంది. ఇది నేను చూసిన ఒక కాలేజీ సంగతి. అన్నీ ఇలాగే ఉన్నాయని అనను. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివిన పిల్లలు కూడా పిప్పెట్టును చేతబట్టి కొలిచినది పరీక్షనాడు ఒక్కసారే. ఐటీఐలలో రసాయన కర్మాగారాల్లో పనికివచ్చే అటెండెంట్ ఆపరేటర్ అనే ట్రేడు దేశంలో ఎప్పటినుంచో ఉంది. లేబొరేటరీ అసిస్టెంటు, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడులూ ఉన్నాయి. పదో తరగతి పాసైతే చాలు. మన ఊళ్లలో ఐటీఐ అంటే ఎలక్ట్రీషియను, ఫిట్టరు, ఆ తరువాత డీజిల్ మెకానిక్. నాలుగో పేరు చెప్పేవారు లేరు.

రాష్ట్ర ప్రభుత్వం 2024లో 65 ఐటీఐలను ఒక పెద్ద సంస్థతో కలిసి అధునాతన కేంద్రాలుగా మార్చే పని చేపట్టింది. మంచిదే. అయితే వాటిలో యంత్ర పరిశ్రమకు, విద్యుత్ వాహనాలకు పనికివచ్చే కోర్సులదే పెద్దపీట. నైపుణ్య విశ్వవిద్యాలయం ఒకటి అదే ఏడాది చట్టం చేసి పెట్టారు, అందులో ఔషధ రంగానికీ చోటిచ్చారు. దాని స్థలం ముచ్చర్ల వైపు, నగరానికి అవతలి దిక్కున. ఇక్కడి పిల్ల అక్కడికి పోయి రావాలంటే బస్సులు మారడంలోనే రోజు గడిచిపోతుంది. కర్మాగారం ఇక్కడ, బడి అక్కడ!

తప్పంతా సర్కారుది, కంపెనీలది అనడం కూడా సరికాదు. మనలోనూ ఉంది. భూములు అమ్మిన డబ్బుతో బైకు కొన్న పిల్లవాడు షిఫ్టు డ్యూటీకి పోనంటాడు. గ్రూప్స్ కోచింగు పేరుతో అశోక్‌నగర్‌లో ఐదేళ్లు గదిలో ఉండటానికి సిగ్గుపడనివాడు ఆరునెలలు అప్రెంటిసుగా ఉండటానికి నామోషీ పడతాడు. ఆడపిల్ల రాత్రి పది గంటలకు ఇంటికి వస్తే నలుగురూ నాలుగు మాటలంటారు. ఆ మాటలనే వారిలో మన చుట్టాలే ముందు.

వేరేచోట ఏం చేశారు?

అమెరికాలో ఉత్తర కరోలినా అనే రాష్ట్రం ఉంది. ర్యాలీ, కేరీ పట్టణాల్లో మన తెలుగువారు బాగానే ఉన్నారు. ఆ రాష్ట్రం ఒకప్పుడు పొగాకు రైతులది, బట్టల మిల్లులది. మిల్లులు మూతపడ్డాయి, పొగాకుకు గిరాకీ తగ్గింది, పనిచేసే చేతులు ఖాళీ అయ్యాయి. అప్పటికే అక్కడ మందుల, టీకాల కర్మాగారాలు వస్తున్నాయి. అక్కడివారు చేసిన తెలివైన పని ఒక్కటే. మనుషులు ఎక్కడ ఉన్నారో బడిని అక్కడికి తీసుకుపోయారు.

ఆ రాష్ట్రంలో చిన్నచిన్న పట్టణాల్లో ప్రభుత్వ కమ్యూనిటీ కళాశాలలు 58 ఉన్నాయి. వాటిలో కొన్నిటిలో బయోవర్క్ అని ఒక చిన్న కోర్సు పెట్టారు. మొత్తం సుమారు 130 గంటలు. పగలు పనిచేసుకునేవారు సాయంత్రాలు పోయి చదువుకోవచ్చు. ఉన్నత పాఠశాల చదువు ఉంటే చాలు. ఏం నేర్పాలో కంపెనీలవారిని కూర్చోబెట్టి అడిగి పాఠాలు రాశారు. శుభ్రత ఎలా, కొలత ఎలా, కాగితం ఎలా రాయాలి, తేడా వస్తే ఎవరికి చెప్పాలి, ఇవే పాఠాలు. మిల్లులో మగ్గం దగ్గర పనిచేసినవారు కూడా ఈ దారిన మందుల కర్మాగారాలకు మారారు. పై స్థాయి శిక్షణకు అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 2007లో ఒక కేంద్రం తెరిచారు. అందులో నిజమైన కర్మాగారంలో ఉండే పాత్రలే పెట్టారు, అయితే బయటికి అమ్మే మందు తయారుకాదు. పిల్లలు తప్పులు చేసి నేర్చుకోవడానికే కట్టిన కర్మాగారం అది. దీనికంతటికీ పొగాకు కంపెనీలు పరిహారంగా చెల్లించిన సొమ్ములో కొంత ఖర్చుపెట్టారు. ఐర్లండు దేశంవారు కూడా డబ్లిన్‌లో ఇటువంటిదే 2011లో ప్రారంభించారు.

అమెరికా డబ్బు మనకెక్కడిది అనవచ్చు. ఉక్కు పాత్రల కేంద్రం కోట్ల పని, నిజమే. కాని 130 గంటల కోర్సుకు కోట్లు అక్కరలేదు. జూనియర్ కళాశాలలో రెండు గదులు, ఒక గదిని గాజు తలుపులతో ముసుగు వేసుకునే గదిగా మార్చాలి. ఒక ఆటోక్లేవు, తూకం యంత్రం, పిప్పెట్లు, సూక్ష్మదర్శినులు. రిజిస్టర్లు రాయడం నేర్పడానికి కావలసింది కాగితమూ కలమూ. నేర్పేవారు మన మధ్యనే ఉన్నారు. ఈ కంపెనీల్లో పాతికేళ్లు చేసి రిటైరై అల్వాల్‌లో, కొంపల్లిలో ఇళ్లు కట్టుకున్న ఆపరేటర్లు ఉన్నారు. వారికి పెద్ద పట్టాలు లేవు గనుక మన కాలేజీ నిబంధనల ప్రకారం వారు పాఠం చెప్పడానికి పనికిరారు! ఆ నిబంధన ఒక్కటి సడలిస్తే చాలు. పాఠాలు తెలుగులో ఉండాలి, రిజిస్టరు ఇంగ్లీషులో రాయడం మాత్రం నేర్పాలి, ఎందుకంటే అక్కడ నడిచేది అదే.

చట్టం ఏమంటోంది?

ఇంకొక సంగతి మన యువకులు గట్టిగా పట్టుకోవాలి. అప్రెంటిసుల చట్టం 1961 నాటిది. దాని కింద 2019లో సవరించిన నిబంధనల ప్రకారం ముప్ఫై మంది, అంతకు మించి పనివారు ఉన్న ప్రతి సంస్థా అప్రెంటిసులను తీసుకుని తీరాలి. ఎంతమందిని? మొత్తం పనివారిలో నూటికి రెండున్నర నుంచి పదిహేను దాకా. ఆ మొత్తంలో కాంట్రాక్టు పనివారిని కూడా లెక్కించాలి. వెయ్యిమంది ఉన్నచోట కనీసం పాతికమంది. వారికి స్టైపెండు ఇవ్వాలి, పని నేర్పాలి. మన ప్రాంతంలో ఏ సంస్థలో ఎంతమంది పనివారు, ఎంతమంది అప్రెంటిసులు, వారిలో చుట్టుపక్కల ఊళ్లవారు ఎందరు అన్న పట్టికను జిల్లా అధికారులు ఏటా మండల కార్యాలయం గోడకు అంటించడానికి అభ్యంతరమేముంటుంది? కరెంటు బకాయిల జాబితా అంటించగా లేనిది!

కంపెనీల ఇబ్బంది కూడా అర్థం చేసుకోదగినదే. ఒక పాత్రలో మందు చెడితే నష్టం కోట్లలో ఉంటుంది. పచ్చి చేతుల్లో దాన్ని ఎలా పెడతామంటారు. మందుల తయారీ నియమాలను కేంద్రం 2023 చివర్లో మరింత బిగించింది, సిబ్బందికి శిక్షణ ఇచ్చినట్టు కాగితం చూపాలి. అయితే ఆ కాగితం కోసం ఒక పూట వీడియో చూపి సంతకం తీసుకోవడం కాదు శిక్షణ అంటే. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల్లో కలిపే పొడి తయారుచేసే కర్మాగారంలో పేలుడు జరిగి నలభైమందికి పైగా మాడిపోయారు. ఎక్కడెక్కడి నుంచో పొట్టకూటికి వచ్చిన పనివారు చాలామంది వారిలో ఉన్నారు. అది టీకాల కర్మాగారం కాదు, కారణాలూ వేరు. కాని గేటు లోపలికి పోయే ప్రతి మనిషికీ తాను ముట్టుకునేది ఏమిటో, ఏ శబ్దం వస్తే పరుగెత్తాలో తెలిసి ఉండాలన్నది ఏ కర్మాగారానికైనా ఒకటే.

ఒకనాడు ఈ శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతం ద్రాక్షకు పేరుపడ్డది. అనాబ్‌షాహీ పందిళ్లు కిలోమీటర్ల దూరం ఉండేవని మా నాన్న చెబుతాడు. ద్రాక్ష తీగకు ఏడాదికి రెండు కత్తిరింపులు, ఎండాకాలం ఒకటి, అక్టోబరు ప్రాంతంలో ఒకటి. ఏ కన్ను దగ్గర కోయాలో తప్పితే ఆ ఏడు పంట లేదు. ఆ విద్య ఇక్కడివారికి పుట్టుకతో వచ్చిందా? తోటల యజమానులు తెలిసినవారిని పిలిపించి, పక్కన నిలబెట్టి, మూడు నాలుగు కత్తిరింపులు నేర్పించుకున్నారు. ఆ తరువాత మనవారినే వేరే ఊళ్ల తోటలకు పిలిచి తీసుకుపోయేవారు. రాయబారుల బస్సులు చూసిన ఆ పెద్దాయన అటువంటి కత్తెర పట్టినవాడే.

ఆయన మనవరాలు మైక్రోబయాలజీతో బీఎస్సీ పాసైంది. మొన్న కనబడితే, "అన్నా, కంపెనీలల్ల రెండేండ్ల అనుభవం ఉన్నోళ్లనే తీస్కుంటం అంటున్నరు, ఆ అనుభవం ఏడ దొరుకుతది?" అని అడిగింది. అప్రెంటిసు పోర్టలు సంగతి చెప్పి, పేరు నమోదు చేయించాను. ఇంకా పిలుపు రాలేదు. ప్రస్తుతం అల్వాల్‌లో ఒక బట్టల దుకాణంలో నిలబడి చీరలు చూపిస్తోంది. పొద్దున ఎనిమిదిన్నర బస్సుకు పోతుంది. ఆ బస్సు తుర్కపల్లి మీదుగానే పోతుంది.